నారు పోసిన చేయి, నీరు పోసే చేయి: సింగరేణి మట్టిగుట్టల నుంచి కొబ్బరిపొట్టు ట్రేల వరకు మొలక పోషణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

“నారు పోసినవాడు నీరు పోయడా” అన్న సామెతను దైవవిశ్వాసానికి ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. పుట్టించినవాడు పోషించక మానడని దాని భావం. ఆ భావానికి ఆధారమైన దృశ్యం మాత్రం వ్యవసాయానిది. తుకం పోసిన మనిషి మడి దగ్గరే ఉంటాడు, పొద్దునా సాయంత్రమూ తడి చూస్తాడు. గమనించవలసిన విషయమేమంటే, సామెత నీటిని గురించి మాట్లాడింది గాని తిండిని గురించి మాట్లాడలేదు. ఆ అవసరం దానికి కలగలేదు. పశువుల పెంట, చెరువు ఒండ్రు కలిసిన నారుమడి మట్టిలోనే మొలకకు కావలసిన ఆహారం ఉండేది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి పొలాలకు చేరిందంటే, అది పాత అలవాటును ప్రభుత్వ పథకం తిరిగి గుర్తుచేసుకోవడమే.

మట్టి లేనిచోట ఈ సామెత సగమే పనిచేస్తుంది. మంచిర్యాల జిల్లా జైపూర్ ప్రాంతంలోను, గోదావరికి ఆవలి ఒడ్డున రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోను మట్టి కాని మట్టి రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి, ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన పేరుకున్న ఓబీ గుట్ట. రెండవది, తెలంగాణ అంతటా కూరగాయల, మిరప నర్సరీలకు చేరిన కొబ్బరిపొట్టు. మొదటిది నీటినీ నిలుపుకోదు, తిండినీ దాచుకోదు. రెండవది నీటిని అపారంగా నిలుపుకుంటుంది గాని తిండిని దాదాపుగా ఇవ్వదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొలకను బతికించే బాధ్యత నేల నుంచి మనిషి చేతికి ఎట్లా మారిందో, ఆ చేయి ఎవరిదో తెలుస్తుంది.

2. మట్టి అడుగున పడిన కాలం

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ తేదీలు అందరికీ తెలిసినవే. నేల చరిత్రకు సంబంధించినంతవరకు వీటికంటే పెద్ద మలుపు 1975. ఆ ఏడు గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ పద్ధతి మొదలైంది. భూగర్భ గనిలో బొగ్గు కిందినుంచి బయటకు వచ్చేది, పైపొర పైపొరగానే ఉండేది. ఓపెన్‌కాస్ట్‌లో ముందుగా పైపొరను తీయాలి. ఎన్నో తరాల ఆకులు, వేర్లు, పేడ కలిసి తయారైన జానెడు మట్టి, దాని అడుగున ఉన్న పదుల మీటర్ల ఇసుకరాతితో, బంకతో కలిసిపోయి గుట్టగా మారుతుంది. పైమట్టిని విడిగా తీసి భద్రపరచి, చివర గుట్టమీద పరచాలన్న నియమం పర్యావరణ అనుమతులతో వచ్చింది. కుప్పగా పోసి ఏళ్ల తరబడి ఉంచిన మట్టిలోని జీవం క్షీణిస్తుందన్నది ఆ నియమాన్ని ఎంత శ్రద్ధగా పాటించినా తప్పని చిక్కు.

ఇట్లాంటి గుట్టలో సేంద్రియ కర్బనం, నత్రజని అత్యల్పం. వాన పడితే నీరు వాలుమీదుగా జారిపోతుంది, లేదా రాళ్ల సందుల్లోంచి లోతుకు దిగిపోతుంది. ఎండాకాలంలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. నల్లటి, బూడిదరంగు రాతి పైభాగం గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది. కానుగ, సుబాబుల్, నల్లతుమ్మ వంటి జాతులను ఇట్లాంటి నేలలకు ఎంచుకోవడంలో తర్కం ఉంది. వీటి వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అంటే మట్టి లేని చోట తన తిండిని తానే సంపాదించుకోగల మొక్కను వెదకడమన్నమాట. నీటిని మాత్రం ఈ మొక్కలు గాలినుంచి పట్టుకోలేవు.

3. యూరియా ఊరు

రామగుండం చరిత్రలో ఒక వైచిత్రి ఉంది. నత్రజని లేని గుట్టలు పెరుగుతున్న ఈ నేలలోనే నత్రజని కర్మాగారం కూడా వెలిసింది. భారత ఎరువుల సంస్థ రామగుండంలో బొగ్గు ఆధారంగా యూరియా తయారుచేసే కర్మాగారాన్ని నెలకొల్పింది. 1980లో ఉత్పత్తి మొదలై, నష్టాలతో 1999లో ఆగిపోయింది. బొగ్గును వాయువుగా మార్చి, అందులోనుంచి ఎరువు తీసే ఆ సాంకేతికత అనుకున్న స్థాయిలో పనిచేయలేదు. తర్వాత రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ పేరుతో సహజవాయువు ఆధారంగా పునరుద్ధరించిన కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. 2022 నవంబరు 12న దానిని జాతికి అంకితం చేశారు. దాని వార్షిక సామర్థ్యం 12.7 లక్షల టన్నులు.

యూరియా బస్తా రైతుకు పోషణకు మారుపేరైంది. కాని మొక్క యూరియాను ప్రధానంగా ఉన్నదున్నట్టుగా తినదు. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని అమ్మోనియంగా, ఆపై నైట్రేటుగా మార్చి పెట్టాలి. ఆ వంటవాళ్లు లేని చోట బస్తా ఉన్నా భోజనం లేనట్టే. కొబ్బరిపొట్టు చరిత్ర అంతా ఒక విధంగా ఈ లోటును పూడ్చుకున్న చరిత్ర.

4. తుక్కు నుంచి సరుకుకు

మట్టి లేకుండా మొక్కను పెంచవచ్చునన్న శాస్త్రీయ నిరూపణ జర్మనీలో జరిగింది. 1860లలో జూలియస్ ఫాన్ సాక్స్, విల్హెల్మ్ క్నాప్‌లు లవణాలు కలిపిన నీటిలో మొక్కలను పెంచి చూపారు. ఆ విద్యను ప్రయోగశాల నుంచి బయటకు తెచ్చి, పేద దేశపు పెరటికి అనువుగా మార్చే ప్రయత్నం భారతదేశంలోనే జరిగింది. జె. షోల్టో డగ్లస్ 1940ల చివర బెంగాల్ పర్వత ప్రాంతంలో చేసిన ప్రయోగాలు 1951లో ‘బెంగాల్ పద్ధతి’ పేరుతో గ్రంథరూపం పొందాయి. మన వ్యవసాయ చరిత్రకారులు ఈ అధ్యాయానికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

కొబ్బరిపొట్టు కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1860ల ఆరంభంలోనే బ్రిటన్ తోటమాలులు కొబ్బరిపీచు తుక్కును వాడి చూశారు. తర్వాత దాని ప్రాచుర్యం తగ్గింది. 1949లో ‘ఎకనమిక్ బాటనీ’ పత్రికలో ఇ.పి. హ్యూమ్ దాని గుణాలను మళ్లీ చర్చించాడు. ఐరోపాలో పీట్ బొగ్గునేలల తవ్వకంపై ఆందోళన పెరిగిన 1980ల చివరినాటికి గాని దానికి పెద్ద గిరాకీ రాలేదు. ఈలోగా కేరళలో అది సమస్యగానే ఉంది. డొక్క నుంచి తీసే పీచుకంటే రాలే పొట్టు తూకం ఎక్కువ. పీచు పరిశ్రమ కోసం 1953 చట్టంతో ఏర్పడిన కాయిర్ బోర్డు దృష్టిలో కూడా తొలిదశలో సరుకు పీచే, పొట్టు కాదు. వాడల పక్కన గుట్టలుగా పేరుకున్న ఆ పొట్టుకు, గని పక్కన పేరుకున్న ఓబీకి పోలిక స్పష్టమే. రెండూ అసలు సరుకును తీసుకున్నాక మిగిలినవి.

పచ్చి పొట్టు మొలకకు పనికిరాదు. అందులో కర్బన, నత్రజనుల నిష్పత్తి సుమారు 112:1. అంత కర్బనం ఉన్నచోట సూక్ష్మజీవులు ఉన్న కాస్త నత్రజనిని తామే తినేస్తాయి, మొక్క పసుపుబారుతుంది. 1980లలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ముత్యపు చిప్ప పుట్టగొడుగు శిలీంధ్రంతో దీనిని మగ్గబెట్టే పద్ధతిని రూపొందించారు. టన్ను పొట్టుకు అయిదు కిలోల యూరియా, పొరలు పొరలుగా శిలీంధ్రపు విత్తనం, నెలరోజుల తడి. ఆ తర్వాత నిష్పత్తి 24:1కి దిగుతుంది. యూరియా ఇక్కడ మొక్కకు కాదు, శిలీంధ్రానికి ఆహారం.

రెండవ లోపం ఉప్పు. సముద్రతీరపు చెట్టు, ఉప్పునీటి మడుగుల్లో నానిన డొక్క. అందువల్ల పొట్టు కణాలను సోడియం, పొటాషియం అంటిపెట్టుకొని ఉంటాయి. మంచినీటితో కడిగితే కరిగిన ఉప్పు పోతుంది గాని అంటుకున్నది పోదు. కాల్షియం లవణంతో నానబెడితేనే ఆ స్థానాలను కాల్షియం ఆక్రమిస్తుంది. ఆ పని చేయని పొట్టులో నారు పోస్తే, మనం పెట్టిన కాల్షియం, మెగ్నీషియంలను మొక్కకంటే ముందు పొట్టే మింగుతుంది.

5. ట్రేలోని లెక్క

దక్షిణాదిలో ట్రే నారుకు ఒక ప్రామాణిక రూపం ఇచ్చిన ఘనత బెంగళూరు సమీపంలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థది. 98 గుంటల ట్రే, ట్రేకు సుమారు 1.2 కిలోల మగ్గిన పొట్టు, గుంటకు ఒక విత్తనం. మొలక వచ్చేదాకా ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథీన్ కప్పుతారు. ఆపై నీడవలకు మారుస్తారు. పన్నెండవ రోజున, ఇరవయ్యవ రోజున లీటరుకు మూడు గ్రాముల నీటిలో కరిగే 19:19:19 ఎరువు, సూక్ష్మపోషకాలు కలిపి తడుపుతారు. రాజమహేంద్రవరంలో 1947లో నెలకొన్న కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ కూడా ఎత్తుమడుల స్థానంలో పొట్టు ట్రేలను ప్రోత్సహించింది. నారుకుళ్ళు తెగులుతో విసిగిన పొగాకు రైతుకు దాని విలువ త్వరగా అర్థమైంది.

పన్నెండు రోజులే ఎందుకు? అంతవరకు మొలక బీజదళాలలోని నిల్వపై బతుకుతుంది. అసలు ఆకులు విచ్చుకునేసరికి ఆ మూట ఖాళీ అవుతుంది. మడిలో అయితే వేరు అప్పటికి మట్టిని వెతుక్కుంటుంది. ట్రేలో వెతకడానికి ఏమీ లేదు. ఇక్కడ ఉత్త నీరు పోయడమంటే ఆకలితో ఉన్న బిడ్డకు మజ్జిగ తేటతో సరిపెట్టడమే. ఎరువు ఎక్కువైతే లవణం వేరును కాలుస్తుంది. అందుకే పలుచగా, పలుమార్లు పెట్టడం, అప్పుడప్పుడు అడుగునుంచి కారేటట్టు తడిపి నిల్వ ఉప్పును కడగడం ఆచారమైంది.

నీటి విషయంలో పొట్టు మోసగిస్తుంది కూడా. తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టుకున్నా పైపొర త్వరగా ఆరి లేతరంగుకు తిరుగుతుంది. అడుగు తడిగానే ఉంటుంది. పైరంగు చూసి నీళ్లు పోసేవారు వేరుకు గాలి అందకుండా చేస్తారు. అనుభవమున్న నర్సరీ కూలీ ట్రేను ఎత్తి బరువు చూస్తుంది. ఆ చేతి తూకం ఏ కరపత్రంలోనూ అచ్చు కాలేదు, కైకిలి రేటులోనూ చేరలేదు.

విదేశాలలో కొబ్బరిపొట్టు పేరు మోగడానికి చట్టబద్ధ గంజాయి సాగు కూడా ఒక కారణం. మనదేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేని గంజాయి సాగు నేరం. పోషణ చరిత్రకు మాత్రం ఆ మొక్కలోని ఒక రకం పాఠం చెబుతుంది. 1924లో రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు యానిషెవ్‌స్కీ వర్ణించిన ‘రుడెరాలిస్’ పగటి నిడివితో నిమిత్తం లేకుండా వయస్సునుబట్టి పూస్తుంది. మొలకదశలో జరిగిన తప్పును సరిదిద్దుకునేందుకు అట్లాంటి మొక్క ఆగదు. పాత వానాకాలపు వరి పగలు కుదించుకుపోయేదాకా వేచి ఉండేది, స్వల్పకాలిక వరి ఆగదు. ముదిరిన నారు నాటిన రైతుకు ఈ తేడా దిగుబడిలో తెలుస్తుంది.

6. ఎవరి చేయి, ఎంతకాలం

గుట్టమీద నాటే అడవి మొక్కకు ఇంతటి తొందర లేదు, దాని ఆయుష్షు దశాబ్దాలు. అయినా దాని జాతకం కూడా మొదటి రెండు వేసవుల్లోనే తేలుతుంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు నింపిన పాలిథీన్ సంచిలో పెరిగిన మొక్క జూలైలో గుట్టకు చేరుతుంది. సంచిలోని ఆ గుప్పెడు మట్టే దాని వెంట వచ్చిన పుట్టింటి సొమ్ము. అది కరిగేలోగా వేరు బయటి రాతిలోకి చొరబడాలి.

ఆ వేసవుల్లో నీరు పోసే బాధ్యతను చట్టాలు రెండు తీర్లుగా పంచాయి. 2015 జూలై 3న మొదలైన హరితహారం తర్వాత, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గ్రామంలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని విధించింది. బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ నీరు పోసే చేతికి పేరుంది, పదవి ఉంది, శిక్షా ఉంది. గనుల విషయంలో బొగ్గు మంత్రిత్వశాఖ 2009 గని మూసివేత మార్గదర్శకాలు మరొక దారి పట్టాయి. ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు ఆరు లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల చొప్పున ప్రత్యేక ఖాతాలో జమచేయాలని అవి అప్పట్లో నిర్దేశించాయి. పని జరిగిన మేరకు దశలవారీగా వెనక్కి తీసుకోవచ్చు. ఈ లెక్కకు ప్రమాణం హెక్టారు, మొక్క కాదు. హెక్టారు ఎండిపోదు.

జైపూర్ మండలంలో ఈ రెండు కొలతలూ ఒకే చోట కలుస్తాయి. 2016లో 600 మెగావాట్ల రెండు యూనిట్లతో ఉత్పత్తి మొదలుపెట్టిన సింగరేణి విద్యుత్కేంద్రం ఒకవైపు, గనులు మరొకవైపు. మధ్యలో పంచాయతీ నర్సరీలు. ఊరిబాటన నాటిన కానుగ ఎండితే కార్యదర్శికి తాఖీదు వస్తుంది. గుట్టమీద అదే వయసు కానుగ ఎండితే మరుసటి జూలైలో దాని గుంటలోనే ఇంకొకటి నాటుతారు. అది కొత్త లెక్కలోకి వస్తుంది. సంచిలో మగ్గిన పొట్టు కలిపి తడిని ఇంకొన్ని రోజులు నిలపవచ్చునన్నది సాంకేతికంగా సమంజసమైన సూచనే. పొట్టు నిలిపేది వారం నీటిని, మే నెలకు వారాలు నాలుగు.