నాదబలము: కోవిల్పట్టి నాగస్వరము మొదలు బేస్ గిటారు దాక

వాద్యమును కొనదలచినవారు మొదట దాని రూపమును, వెలను చూతురు. చేయి తిరిగినవారు మాత్రము దాని బలమెచ్చట నున్నదని విచారింతురు. బలము వాద్యములోనే పుట్టవలెనా, వెలుపలినుండి తెచ్చి జోడింపవచ్చునా? మన యిండ్లలోని యువకులు నేడు బేస్ గిటారు కొనబోవుచు "యాక్టివ్ మంచిదా, పాసివ్ మంచిదా" యని తర్కించుకొనునది ఈ ప్రశ్ననే. పెద్దల చెవులకు ఆ మాటలు క్రొత్తవి. ప్రశ్న మాత్రము ప్రాతది. విద్యుచ్ఛక్తితో పనిలేని వాద్య మొకదాని విషయమున కోవిల్పట్టి దానిని ముందే యెరుగును. కావున మొదట నాగస్వరమును గూర్చి చెప్పి, పిదప గిటారు దగ్గరకు వత్తుము.

కారుకురిచి అరుణాచలముగారు 1921లో తిరునల్వేలి జిల్లా కారుకురిచి గ్రామమున జన్మించిరి. తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై (1898–1956) గారికి శిష్యులై, కోవిల్పట్టిని నివాసముగా జేసికొని, నలుబది యేండ్లు దాటిన కొలదికాలమునకే, 1964లో దివంగతులైరి. ఆయన మాతృభాష తమిళము. అయినను నాగస్వర విద్వాంసు లందరి వలెనే ఆయన వాయించిన కృతులలో పెక్కింటి మాట మన తెలుగే. త్యాగరాజస్వామి పలికిన తెలుగు ఆ గొట్టములో ఊపిరియై ఈ నల్లరేగడి సీమలో వినబడినది. ఇచ్చటి తెలుగు కుటుంబములవారు ఆయనను తమవానిగా తలచినచో వింత లేదు.

నాగస్వరమున రెండు తెగలు కలవు. పొట్టిది తిమిరి, పొడుగుది బారి. తిమిరి హెచ్చు శ్రుతిలో పలుకును. తేరు ముందు నడచుచు, జనుల కోలాహలమును చీల్చుకొని పోవలసిన వాద్యమునకు హెచ్చు శ్రుతి యావశ్యకమే. స్వామి ఏ వీథి మలుపు తిరుగుచున్నాడో యింటిలోని ముసలివారికి సైతము తిమిరి తెలుపును. బారి శ్రుతి తగ్గి, గంభీరముగా పలుకును. కూర్చుండి తీరికగా రాగాలాపన చేయువానికి అది యనుకూలము. రాజరత్నం పిళ్ళైగారు బారిని చేపట్టి ప్రచారములోనికి తెచ్చిరి. నరసింగంపేటలో రంగనాథ ఆచారిగారు దానిని ఆయనకు తగినట్లు మలచి యిచ్చిరి. అంతవరకు నాగస్వరము వెంట ఒత్తు నడచుచుండెను. ఒత్తనగా స్వరరంధ్రములను మూసి తెరచు పనిలేక, ఒకే స్వరమును ఎడతెగక పలుకు శ్రుతివాద్యము. దానికి బదులుగా తంబురాను ప్రక్కన నిలిపినదియు రాజరత్నంగారే.

ఈ రెండు మార్పులను కలిపి చూడవలెనని మా యభిప్రాయము. తంబురా నాదము కొన్ని బారల దూరము దాటదు. ఉత్సవ వీథిలో అది నిష్ప్రయోజనము. తంబురాను పిలిచినవాడు వీథిని విడిచి సభను, సభతో బాటు మైకును అంగీకరించినవాడే. తిమిరి తన బలమును తానే మోసికొని పోవును. బారి, తంబురాల జత ఆ బలములో కొంత భాగమును వెలుపలి యంత్రమునకు వదలి, దానికి బదులు మృదుత్వమును, గమకములలోని సూక్ష్మతను సంపాదించుకొన్నది. ఇందు ఒకటి మేలు, ఒకటి కీడు అనుటకు వీలులేదు. చిన్న హాలులో తిమిరి వాయింపజేసి చెవులు మూసికొనువాడు విద్వాంసుని నిందింపరాదు.

నాటి బాణీ ఎంత బలవత్తరమైనదో తెలియుటకు మన తెలుగు విద్వాంసులలో ఒకరిని చెప్పిన చాలును. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు తంజావూరు బాణీకి ముగ్ధులై, దానిని నేర్చి, శ్రీరంగమున స్థిరపడిరి. 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము ఆయనను వరించినది. పొట్టకొరకు ఊరు మార్చినవారు మనలో కొల్లలు. నాదము కొరకు మార్చినవారు అరుదు.

1962లో వచ్చిన 'కొంజుం సలంగై' చిత్రమున అరుణాచలముగారి నాగస్వరమును, ఎస్. జానకిగారి గాత్రమును జోడించి ఆభేరి రాగమున ఒక పాట కూర్చిరి. సంగీతము ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడుగారిది. జానకిగారు గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమున జన్మించినవారు. ఆ చిత్రమే తెలుగున 'మురిపించే మువ్వలు'. మైకు లేనిచో ఆ జత పొసగదు. ఒకే గదిలో నాగస్వరము పూర్తి గొంతుతో పలుకుచుండగా స్త్రీకంఠము దాని ప్రక్కన నిలువజాలదు. యంత్రము ఒకరి బలమును తగ్గించి, మరియొకరి బలమును పెంచి, ఇరువురను సమానులను జేసినది. పెంచుట, తగ్గించుట యను ఈ రెండు మాటలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. గిటారు సంగతి యంతయు వీనిలోనే యున్నది.

ఊదెడి వాద్యము ఊపిరి యున్నంతసేపు పలుకును. మీటెడి వాద్యము మీటిన మరుక్షణము నుండియే క్షీణించును. దీనితో పెనగులాడి గెలిచినవాడు 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. సామాన్యమైన మాండొలినున ఎనిమిది తీగెలు నాలుగు జంటలుగా నుండును. నాదము నిలువదు, జంటతీగెలపై గమకము సాగదు. ఆయన విద్యుత్ మాండొలినును చేపట్టి, ఒంటితీగెలు ఐదు కట్టుకొనెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవమున తొమ్మిదేండ్ల బాలుడుగా వాయించెను. విద్యుత్తుతో పలుకునది కర్ణాటక వాద్యమగునా యని శంకించినవారు లేకపోలేదు. 2014లో ఆయన కన్నుమూయునాటికి ఆ శంక ఎన్నడో సమసిపోయినది.

ఆ మాండొలినులోను, బేస్ గిటారులోను పని యొక్కటే. అయస్కాంతము మీద సన్నని రాగితీగెను వేలకొలది చుట్లు చుట్టుదురు. దీనికి పికప్ అని పేరు. పైన ఉక్కుతీగె అదరినపుడు ఈ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అను గిటారును ఈ పద్ధతిమీదనే అమ్మకమునకు తెచ్చెను. అంతకు ముందు వాడుకలో నున్న నిలువెత్తు డబుల్ బేస్ మోయుటకు బరువు. డ్రమ్ములు, బూరల నడుమ దాని మంద్రస్వరము మునిగిపోవుచుండెను. తేరువీథిలో తంబురాకు పట్టు గతియే అది.

ఫెండర్ గిటారు పాసివ్ జాతిది. పికప్, రెండు నాబులు, ఒక కెపాసిటరు, బ్యాటరీ లేదు. నాబు త్రిప్పినచో ఉన్న నాదమును తగ్గించుటయే గాని, లేనిదానిని పెంచుట దానికి చేతకాదు. పికప్పునుండి వచ్చు సంకేతము దుర్బలము గనుక, వైరు మిక్కిలి పొడవైనచో తారస్థాయి కొంత హరించి, పలుకు మొద్దుబారును. యాక్టివ్ గిటారులోనో, గిటారు పొట్టలోనే చిన్న ప్రీయాంప్లిఫయరు, దానికి సాధారణముగా 9 వోల్టుల బ్యాటరీ యుండును. మంద్రమును, తారమును తగ్గింపవచ్చును, పెంపనువచ్చును. వైరు పొడవైనను పలుకు చెడదు. అలెంబిక్ సంస్థవారు 1970 తరువాతి తొలియేండ్లలో ఈ పద్ధతిని చేపట్టిరి. 1976లో, లియో ఫెండర్ కూడ పాలుపంచుకొన్న మ్యూజిక్ మ్యాన్ సంస్థ స్టింగ్‌రే గిటారుతో దానిని విరివిగా వ్యాపింపజేసెను. పణ్ణైపురము ఇళయరాజాగారు 'అన్నక్కిళి'తో చిత్రసీమలో అడుగుపెట్టినదియు ఆ 1976లోనే. రెంటికి సంబంధమేమియు లేదు. కాని బేస్ గిటారును పాటలో ఒక పాత్రగా వినుట మన పిల్లలు ఆయన పాటలవలననే నేర్చిరి.

యాక్టివ్ అనగా బిగ్గరగా పలుకునదని కొందరి భ్రమ. హాలును నింపునది వెలుపలి యాంప్లిఫయరు, స్పీకరు. గిటారులోని బ్యాటరీ బలము సంకేతమును దిట్టపరచి, దాని స్వభావమును దిద్దుటకే చెల్లును. ఇంతకు మించి దానికొక రోగము కలదు. పెక్కు యాక్టివ్ గిటార్లలో వైరు గ్రుచ్చుటతోనే బ్యాటరీ పనిచేయ నారంభించును; కచేరి ముగిసిన పిమ్మట వైరు ఊడదీయ మరచినచో తెల్లవారువరకు అది కరగుచునే యుండును. మరునాడు పల్లవి నడుమ గొంతు బొంగురుపోవును. పాసివ్ గిటారునకు ఈ గండము లేదు.

విరుదునగరమున మారియమ్మవారి పంగుని పొంగలి వంటి ఉత్సవములలో ఆరుబయట వేదిక వేసి, మిక్సరును దూరముగా నుంచి, పొడవైన వైరులు పరచి, అలంకారదీపములు తోరణములుగా కట్టినచోట యాక్టివ్ గిటారు తన విలువను నిరూపించుకొనును. కోవిల్పట్టి కల్యాణమండపములో నాలుగు బారల వైరుతో, చిన్న యాంప్లిఫయరుతో వాయించువానికి పాసివ్ చాలును. ఇంక నేర్చుకొను బాలునికి పాసివ్ గిటారే కొని యీయవలెనని మేము నిక్కముగా చెప్పుదుము. తీగెను మెడదగ్గర మీటిన మెత్తగాను, క్రింది వంతెన దగ్గర మీటిన గట్టిగాను పలుకునని వాని వ్రేళ్ళు మొదట తెలిసికొనవలెను. అరుణాచలముగారి నాగస్వరమునకు నాబు లేదు. పెదవి, పీక, ఊపిరి, ఇవియే ఆయన నాబులు.

మన పెండ్లిండ్లలో ఇంకొక చిక్కు కలదు. మేళమువారు వాయించుచుండగనే ఆర్కెస్ట్రావారు స్పీకర్లను సరిచూచుకొన నారంభింతురు. మేళమును వినబడజేయుటకై దాని అనసు ముందర మైకు నుంచుటయు కొన్నిచోట్ల చూచుచున్నాము. స్వయముగా బలము గల వాద్యమునకు అది చికిత్స కాదు, చెవులకు శిక్ష. ముహూర్తము ముగియువరకు ఆర్కెస్ట్రావారి మీటలు కట్టియుంచుట పెండ్లిపెద్దల చేతిలోని పని. అది చేయక, మేళము వినువారే లేరని పిదప వాపోవుట ఏమి న్యాయము?

గిటారు కొనువారు దుకాణములోనే యొక పరీక్ష చేయవచ్చును. రెండు జాతుల గిటార్లను ఒకే యాంప్లిఫయరునకు, ఒకే పొడవైన వైరుతో తగిలించి, అదే స్వరమును రెంటిమీదను వాయించి వినవలెను. పిదప యాక్టివ్ గిటారులోని బ్యాటరీని తీసివేసి మరల వాయించుమని అడుగవలెను. కొన్ని మీట మార్చినంతనే పాసివ్ రీతిలో పలుకును, కొన్ని మూగవోవును. మూగవోవు దానినే మెచ్చి కొన్నచో, రెండవ బ్యాటరీ యొకటి ఎల్లప్పుడు గిటారు సంచిలో నుండవలెను.