పాలనా భాష ఎవరి భాష? హైదరాబాదు అనుభవంలో ఇంగ్లీషు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• హైదరాబాదు ప్రాంతంలో పారశీకం, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు పాలనా భాషలుగా వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• పాలనా భాష మారినప్పుడు ఏ వర్గాలు లాభపడ్డాయో, ఏ వర్గాలు నష్టపోయాయో గుర్తించగలుగుతారు.
• భారత రాజ్యాంగంలో ఇంగ్లీషుకు ఉన్న స్థానాన్ని తెలుసుకుంటారు.
• ఇంగ్లీషును అధికార భాషగా స్వీకరించాలా అనే ప్రశ్నపై మీ అభిప్రాయాన్ని ఆధారాలతో రాయగలుగుతారు.

1. ప్రవేశిక

మీలో చాలామంది మలక్‌పేట నుంచి ఎల్.బి. నగర్ వరకు మెట్రోలో ప్రయాణించి ఉంటారు. దారిలో వచ్చే పేర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. మలక్‌పేటలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్ మాన్షన్ ఉంది. మూసారాంబాగ్ అనే పేరు నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు నుంచి వచ్చిందంటారు. ఆయన సమాధి అస్మాన్‌గఢ్ సమీపంలో ఉంది. ఆ తరవాత దిల్‌సుఖ్‌నగర్, అక్కడ స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు, కోచింగ్ సెంటర్లు. ఇంకాస్త ముందుకు వెళ్తే బ్రిటిష్ రాణి పేరుతో విక్టోరియా మెమోరియల్ స్టేషన్. చివరిది ఎల్.బి. నగర్, అంటే లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద ఏర్పడిన నగర్. ఇంగ్లీషు అధికార భాషగా కొనసాగుతుందని 1965లో దేశానికి హామీ ఇచ్చిన ప్రధాని ఆయనే.

ఒక దేశం ఇంగ్లీషును తన అధికార భాషగా స్వీకరించాలా? ఈ ప్రశ్నను సాధారణంగా అభిమానంతోనో, ఆవేశంతోనో చర్చిస్తారు. చరిత్ర విద్యార్థులుగా మీరు దీన్ని మరోవిధంగా అడగాలి. పాలనా భాష మారిన ప్రతిసారీ ఎవరికి ఉద్యోగం దొరికింది? ఎవరి అర్జీ ఎవరికి అర్థమైంది? ఎవరు దుబాసీ మీద ఆధారపడవలసి వచ్చింది? దీనికి హైదరాబాదు కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. సుమారు ఎనభై ఏళ్లలో ఇక్కడ పాలనా భాష మూడుసార్లు మారింది.

2. పారశీకం నుంచి ఉర్దూ

అసఫ్ జాహీల కాలంలో చాలాకాలం దర్బారు, న్యాయస్థానాలు, రెవెన్యూ లెక్కలు పారశీకంలో నడిచాయి. పారశీకం ఇక్కడి రైతు ఇంటి భాష కాదు, వ్యాపారి ఇంటి భాష కూడా కాదు. అది చదువుకున్న ఒక చిన్న వర్గం భాష. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పాలనలో అనేక సంస్కరణలు తెచ్చినా పారశీకాన్ని తొలగించడానికి ఇష్టపడలేదు. ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1884లో, రెండో సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో ఉర్దూ పారశీకం స్థానాన్ని ఆక్రమించడం మొదలైంది.

పారశీకంతో పోలిస్తే ఉర్దూ జనానికి దగ్గర భాషే. హైదరాబాదు నగరంలో దాన్ని మాట్లాడేవారు, అర్థం చేసుకునేవారు ఎక్కువ. కాని రాజ్యం మొత్తం చూస్తే జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారు, సుమారు నాలుగో వంతు మరాఠీవారు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవారు సుమారు పదోవంతు మాత్రమే. పైగా ఉర్దూలో బాగా చదువుకున్న ఉత్తర హిందూస్థాన్ ఉద్యోగులకు ఈ మార్పు కలిసివచ్చింది. స్థానికులైన ముల్కీలకు, బయటినుంచి వచ్చిన గైర్‌ముల్కీలకు మధ్య ఉద్యోగాల విషయంలో పెరిగిన వైరానికి భాష కూడా ఒక కారణం. పాలనా భాషను మార్చడమంటే ఉద్యోగాల తలుపు తాళంచెవిని ఒకరి చేతినుంచి మరొకరి చేతికి ఇవ్వడమే అని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఆ కాలపు భాష నేటికీ మన నోట ఉంది. జిల్లా, తహసీల్దారు, దస్తావేజు, వకాల్తా, రసీదు, ఫిర్యాదు, జమాబందీ, పహాణీ వంటి మాటలు పారశీక, ఉర్దూ పాలన ద్వారానే తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. పాలించిన భాష తెరమరుగైనా కచేరీ మాటలు మిగిలాయి.

3. ఉస్మానియా ప్రయోగం

1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది. 1918లో అది ఏర్పడింది. భారతీయ భాషను బోధనా మాధ్యమంగా స్వీకరించిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయంగా దానికి చరిత్రలో స్థానముంది. పరాయి భాషలో చదివే విద్యార్థి శక్తి అంతా కంఠస్థం చేయడానికే ఖర్చవుతుందని, సొంత ఆలోచన పెరగదని దీని రూపకర్తల్లో ఒకరైన అక్బర్ హైదరీ వంటివారు వాదించారు. వైద్యం, ఇంజనీరింగు, చరిత్ర, తర్కం వంటి శాస్త్రాల పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి అనువాద శాఖ ఏర్పడింది. వేలకొద్దీ పారిభాషిక పదాలు తయారయ్యాయి. ఇంగ్లీషును మాత్రం అందరూ చదవవలసిన సబ్జెక్టుగా ఉంచారు.

ఈ ప్రయోగం నుంచి రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. మొదటిది, భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యం కాదనే మాట నిజం కాదు. ప్రభుత్వం డబ్బు, మనుషులు, పట్టుదల పెడితే అది సాధ్యమే. రెండోది, హైదరీ వాదం ఉర్దూ ఇంటిభాష అయిన విద్యార్థికి వర్తించినట్లు, వరంగల్లు నుంచో, ఔరంగాబాదు నుంచో వచ్చిన తెలుగు, మరాఠీ విద్యార్థికి వర్తించలేదు. అతనికి ఇంగ్లీషు ఎంత పరాయిదో ఉర్దూ కూడా దాదాపు అంతే పరాయిది. ఒక భాష ‘దేశీయం’ అయినంత మాత్రాన అందరికీ సొంతం కాదు.

4. ఒక సభ, ఒక అవమానం

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహారాష్ట్రకు చెందిన ప్రసిద్ధ సంస్కర్త ధోండో కేశవ కార్వే అధ్యక్షత వహించారు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు గేలి చేశారు. రాజ్యంలో అత్యధికులు మాట్లాడే భాషకు రాజధానిలో దక్కిన గౌరవం అది. ఆ అవమానమే కొద్దిమంది తెలుగువారిని ఒకచోట చేర్చి, ఆంధ్ర జనసంఘం ఏర్పాటుకు దారితీసింది.

అంతకుముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించారు. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన మొదటి నిజాం ఆంధ్ర మహాసభ జరిగింది. గ్రంథాలయం, పత్రిక, మహాసభ అనే ఈ మూడూ భాషాభిమానంతో ఆగలేదు. బడి, వెట్టిచాకిరీ, రైతు సమస్యల వైపు నడిచాయి. భాష కోసం అడగడం మొదలుపెట్టినవారు హక్కుల కోసం అడగడం నేర్చుకున్నారు.

5. 1948 తరవాత

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైంది. తరవాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు రాలేదన్న విషయాన్ని మీరు ప్రత్యేకంగా గమనించండి. సుమారు ముప్పై ఏళ్లపాటు ఉర్దూలో శాస్త్రాలు చదివినవారి పరిజ్ఞానం ఉద్యోగ విపణిలో ఒక్కసారిగా విలువ కోల్పోయింది. మరోవైపు మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు చదువు ముందుగా అందిన కోస్తా ప్రాంతంవారితో పోటీ పడలేమనే భయం తెలంగాణ విద్యావంతుల్లో కలిగింది. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో పాలనలో ఉర్దూ స్థానాన్ని ఐదేళ్లపాటు కొనసాగించాలనే అంశం చేరడానికి నేపథ్యం ఇదే.

6. రాజ్యాంగం చెప్పినది

1949 సెప్టెంబరు 14న రాజ్యాంగ సభ భాషా ప్రశ్నపై ఒక రాజీకి వచ్చింది. 343వ అధికరణం ప్రకారం దేవనాగరి లిపిలోని హిందీ కేంద్రం అధికార భాష. ఇంగ్లీషు పదిహేనేళ్లు, అంటే 1965 జనవరి 26 వరకు, కొనసాగవచ్చు. 345వ అధికరణం రాష్ట్ర శాసనసభలకు తమ అధికార భాషను ఎంచుకునే అధికారమిచ్చింది. 348వ అధికరణం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాషగా ఇంగ్లీషును నిలిపింది.

గడువు దగ్గరపడేసరికి హిందీయేతర రాష్ట్రాల్లో ఆందోళన పెరిగింది. 1963లో అధికార భాషల చట్టం వచ్చినా అనుమానాలు తీరలేదు. 1965 ప్రారంభంలో మద్రాసు రాష్ట్రంలో విద్యార్థుల ఉద్యమం తీవ్రరూపం దాల్చి ప్రాణనష్టం జరిగింది. ఫిబ్రవరిలో ప్రధాని శాస్త్రి రేడియోలో మాట్లాడుతూ ఇంగ్లీషు కొనసాగుతుందని హామీ ఇచ్చారు. 1967 సవరణ ఆ హామీకి చట్టరూపమిచ్చింది. ఈ విధంగా ఇంగ్లీషు వలసపాలన అవశేషంగా మాత్రమే కాక, ఒక ప్రాంతం భాష మరో ప్రాంతంపై పెత్తనం చేయకుండా ఆపే అడ్డుగోడగా కూడా నిలిచింది.

7. తెలుగు అధికార భాష: చట్టం, ఆచరణ

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1968లో పాఠ్యపుస్తకాల కోసం తెలుగు అకాడమీ ఏర్పడింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది. 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదువును ఇంటి దగ్గరికి తెచ్చింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక, 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా ప్రకటించారు. 2018లో పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు.

అయినా సచివాలయపు ఉత్తర్వులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెలువడుతున్నాయి. భూవివాదంలో ఉన్న రైతును ఊహించండి. అతని సాక్ష్యం తెలుగులో, పాత పహాణీ ఉర్దూలో, హైకోర్టు తీర్పు ఇంగ్లీషులో ఉండవచ్చు. తన పొలం గురించి రాసిన కాగితాన్ని తాను చదువుకోలేని పరిస్థితి అది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో కూడా ఇవ్వడం వార్త అయిందంటే, అది ఎంత అరుదో అర్థమవుతుంది.

అయితే తప్పంతా ఇంగ్లీషుదే కాదు. సామాన్యుడికి అర్థంకాని సంస్కృత సమాసాలతో రాసిన ప్రభుత్వ తెలుగు కూడా అతనికి పరాయి భాషే. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి చేసిన పోరాటం పుస్తకాల్లో గెలిచినంతగా ఫైళ్లలో గెలవలేదు.

8. ఇంగ్లీషే అధికార భాష అయితే?

నమీబియా 1990లో స్వాతంత్ర్యం పొందినప్పుడు ఇంగ్లీషును ఏకైక అధికార భాషగా స్వీకరించింది. ఆఫ్రికాన్స్ భాష జాతివివక్ష పాలనకు గుర్తు. స్థానిక భాషల్లో ఒకదాన్ని ఎంచుకుంటే మిగిలిన తెగలకు అభ్యంతరం. అందుకే, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు చాలా కొద్దిమందే అయినా, దాన్ని ఎంచుకున్నారు. మన దేశంలో అనేక గిరిజన భాషలున్న నాగాలాండ్ కూడా ఇంగ్లీషునే అధికార భాషగా చేసుకుంది. సింగపూరు మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు నాలుగింటికీ అధికార హోదా ఇచ్చి, పాలనను ప్రధానంగా ఇంగ్లీషులో నడుపుతోంది. ఎవరి సొంతమూ కాని భాష అందరికీ సమాన దూరంలో ఉంటుందన్నది ఈ ఎంపికల వెనుక ఉన్న తర్కం.

ఆ తర్కంలో బలముంది. మన దగ్గర కూడా కంచ ఐలయ్య వంటి ఆలోచనాపరులు, ధనికుల పిల్లలకు ఇంగ్లీషు, పేదల పిల్లలకు మాతృభాష అనే విభజన కులవివక్షకు కొత్త రూపమని వాదించారు. ఈ వాదాన్ని భాషాద్రోహంగా కొట్టిపారేయడం సరికాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ తరగతికి ఫీజు కట్టే యువతి తెలుగును ద్వేషించి వెళ్లడం లేదు. ఇంటర్వ్యూలో తలవంచుకోకుండా ఉండడానికి వెళ్తోంది.

కాని ఆ తర్కంలో ఒక లోపముంది. ఇంగ్లీషు అన్ని ప్రాంతాలకూ సమాన దూరంలో ఉండవచ్చు గాని, అన్ని వర్గాలకూ సమాన దూరంలో లేదు. రెండు తరాలుగా ఇంగ్లీషు చదువున్న ఇంటికి అది దగ్గర, మొదటిసారి బడికి వెళ్లిన ఇంటికి చాలా దూరం. పారశీకం విషయంలో, ఉర్దూ విషయంలో మనం చూసినది ఇదే.

ఇక్కడ రెండు ప్రశ్నలను వేరుచేసి చూడాలి. పౌరుడు ఇంగ్లీషు నేర్చుకోవాలా అన్నది ఒకటి. ప్రభుత్వం పౌరుడితో ఇంగ్లీషులో మాట్లాడాలా అన్నది మరొకటి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం కోసం ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ సందర్భంలో జరిగిన చర్చలో ఈ రెండు ప్రశ్నలూ తరచు కలగలిసిపోయాయి. మొదటి ప్రశ్నకు అవునని చెబుతూనే రెండో ప్రశ్నకు కాదని చెప్పవచ్చు. ఇంగ్లీషు నేర్చుకోవడం పౌరుడి హక్కు. ఇంగ్లీషు రాకపోయినా తన రాజ్యం తనకు అర్థం కావడం కూడా పౌరుడి హక్కే.

9. సారాంశం

హైదరాబాదులో పాలనా భాష మారిన ప్రతిసారీ కొత్తవారికి అవకాశాలు కలిగాయి, పాతవారి చదువు విలువ తగ్గింది. కాని రైతు అర్జీ రాసిపెట్టే దుబాసీ అవసరం మాత్రం తీరలేదు. కేంద్రంలో ఇంగ్లీషు కొనసాగడం ప్రాంతాల మధ్య సమతూకానికి తోడ్పడింది. రాష్ట్రంలో, జిల్లాలో, కోర్టులో అదే భాష పౌరుడికి అడ్డంకి కావచ్చు. అందువల్ల ఏ భాష గొప్పదని కాక, ఏ స్థాయిలో ఏ భాష ఎవరికి తలుపు తెరుస్తుందని అడగడమే సరైన పద్ధతి. మీరు ఈ పాఠాన్ని తెలుగులో చదువుతున్నారు. దీనివల్ల వచ్చే డిగ్రీతో వెళ్లే ఉద్యోగ పరీక్షలో ఇంగ్లీషు మీకు ఎదురుకావచ్చు. కాబట్టి ఈ చర్చలో మీరు కేవలం పాఠకులు కారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1884 నాటి భాషా మార్పు ముల్కీ, గైర్‌ముల్కీ వివాదంపై చూపిన ప్రభావమేమిటి?
2. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రయోగం విజయాన్ని, పరిమితిని వివరించండి.
3. 1921 సంఘటన తెలంగాణ చైతన్యానికి ఎలా దోహదం చేసింది?
4. మీ ఇంట్లో ఉన్న ఏవైనా మూడు ప్రభుత్వ కాగితాలను పరిశీలించండి. అవి ఏ భాషలో ఉన్నాయి? మీ ఇంటి పెద్దలు వాటిని చదివి అర్థం చేసుకోగలరా? మీ పరిశీలన ఆధారంగా, ఇంగ్లీషు అధికార భాషగా ఉండాలా అనే ప్రశ్నపై ఒక వ్యాసం రాయండి.