పదమూడో నంబరు దేవుడు

2019 జూన్ 7. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా, కిరందుల్. ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ గేటు ముందు వేలమంది ఆదివాసీలు బైఠాయించారు. అడవి దారుల వెంట నడిచొచ్చినవాళ్లు. వెంట విల్లంబులు, బియ్యం మూటలు, వంటగిన్నెలు. ఒక్కపూటతో లేచే జనం కాదని ఆ మూటలు చూస్తేనే తెలుస్తోంది.

వాళ్లు అడిగింది ఒక్కటే: మా దేవుడి కొండ జోలికి రావద్దు.

బైలాడిలా కొండల్లో నందరాజు ఉంటాడు. ఆయన ఇల్లాలు పిట్టోడ్ రాణి. చుట్టుపక్కల ఊళ్లకు ఆ కొండే గుడి. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న ఎన్‌ఎండీసీ కాగితాల్లో మాత్రం అది ‘డిపాజిట్ 13’.

ఆ నంబరు పాతదే. 1934-35లో క్రుక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల వరసంతా పరిశీలించి, ఇనుప ఖనిజమున్న చోట్లకు ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేశాడు. దేవుడికీ ఒక అంకె పడింది. 1960లో ఈ ఖనిజం అమ్మేందుకు జపాన్‌తో ఒప్పందం కుదిరింది. కొత్తవలస నుంచి కిరందుల్‌కు పట్టాలు వేశారు. 1968లో పద్నాలుగో నంబరులో తవ్వకం మొదలైంది. బైలాడిలా కొండ ముక్కముక్కలై అరకు సొరంగాలు దాటి, విశాఖ రేవులో ఓడెక్కి, జపాన్ కొలుముల్లో కరిగింది. అరకు రైల్లో కూర్చుని లోయలు చూసి మురిసిన మనలో, ఎదురొచ్చే గూడ్సు బండిలో వెళ్తున్నది ఒక కొండని ఎందరికి తట్టింది?

చివరికి పదమూడో నంబరు వంతు వచ్చింది. ఎన్‌ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థ కలిసి కంపెనీ పెట్టాయి. తవ్వే కాంట్రాక్టు అదానీ సంస్థకు దక్కింది. 2014 జులైలో కొండ దగ్గరి హిరోలీ గ్రామసభ తవ్వకానికి ఒప్పుకున్నట్టు కాగితం ఉంది. అది దొంగ తీర్మానమని ఊరివాళ్ల మాట. ఈలోగా చెట్లు నేలకూలాయి.

గేటు ముందు రాత్రిళ్లు గడిచాయి. జూన్ 11న ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ ఆదివాసీ ప్రతినిధులను కలిశారు. పనులు ఆపాలనీ, చెట్ల నరికివేతపైనా ఆ గ్రామసభపైనా విచారణ జరపాలనీ ఆదేశించారు. ఆ తర్వాతే జనం గేటు వదిలారు.

కొండమీదికి యంత్రాలు చేరేది ఆఖర్న. అంతకుముందే నంబరు, ఒప్పందం, తీర్మానం దాన్ని కదిలించి ఉంటాయి. మొదటి రెండూ రాసినప్పుడు ఊళ్లను ఎవరూ అడగలేదు. మూడోది ఊరి పేరుతోనే రాయాలి. నమ్మకం వాళ్లను గేటు దాకా నడిపించింది. ప్రభుత్వాన్ని నిలదీయడానికి మాత్రం ఆ కాగితమే చేతికందింది. రేపు మరో నంబరుకు వంతు వచ్చినా ఊళ్లు ముందుగా అడగాల్సింది అదే: తీర్మానం మీది సంతకాలు ఎవరివి?