తాడు తప్పితే?

నడుస్తున్న ఓడ మీద మొట్టమొదట విమానం దింపింది ఎడ్విన్ డన్నింగ్. 1917 ఆగస్టు 2న, స్కాట్లాండు దగ్గర స్కాపా ఫ్లోలో, బ్రిటిష్ నేవీ ఓడ ఫ్యూరియస్ మీద. విమానాన్ని ఆపింది ఎవరనుకున్నారు? పరిగెత్తుకెళ్ళి చేతుల్తో పట్టుకున్న నావికులు! ఐదు రోజుల తర్వాత మళ్ళీ దిగబోతే విమానం సముద్రంలో పడింది. మనిషి దక్కలేదు.

తర్వాత్తర్వాత డెక్ కి అడ్డంగా ఉక్కు తాళ్ళు కట్టారు. విమానం తోక కింది కొక్కెం అందులో ఒకదాన్ని పట్టుకోవాలి. తప్పితే? ఎదురుగా అడ్డుకట్ట, దాని వెనకాల ఆపి ఉంచిన విమానాలు, మనుషులు. జెట్లు వచ్చి వేగం పెరిగాక ఈ గండం ఇంకా ముదిరింది.

1951లో డెనిస్ కాంబెల్ అనే బ్రిటిష్ నేవీ ఆఫీసరుకి తట్టిన ఉపాయం వింటే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. దిగే దారిని కాస్త ఓరగా, పక్కకి తిప్పెయ్యడమే! ఇప్పుడు పైలట్ ఎదురుగా ఉండేది ఖాళీ సముద్రం. అందుకే చక్రాలు డెక్ ని తాకగానే ఇంజన్ని తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. తాడు దొరికితే ఆగుతాడు, లేకపోతే ఎగిరిపోయి ఓ చుట్టు తిరిగొస్తాడు. 1961లో మన నేవీలో చేరిన పాత విక్రాంత్ డెక్ కూడా ఇలాంటిదే.

పైలట్ ఎంత మొనగాడైనా ఒక్కోసారి తాడు తప్పుతుందని ముందే ఒప్పుకున్న డిజైన్ ఇది. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజుకి కూర్చునేవాళ్ళు (అంటే మనమే :)) ఒకసారి తల్చుకోవాల్సిన డెక్.