ఊరి పేరులో చెట్టు



ఎరువుల సంగతీ, పురుగుమందుల సంగతీ మనం తరచు చెప్పుకునేవే. ఈసారి మన ఊళ్ల పేర్లను గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాము.

మా కవిటి ప్రాంతాన్ని ఉద్దానమంటారు. ఉద్యానమన్న మాటే జనం నోట నలిగి ఉద్దానమయిందని పెద్దలు చెబుతారు. పేరుకు తగ్గట్టే కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడ కలిసి పెరుగుతాయి. అయితే ఒక చిత్రం చూడండి. ఇన్ని కొబ్బరి చెట్లున్న ఈ సీమలో కొబ్బరి పేరు పెట్టుకున్న పాత ఊరు నాకు ఒక్కటీ తగలలేదు. టెక్కలి దగ్గర రావివలస వున్నది. పొందూరు వైపు తాడివలస వున్నది. చింతాడ వున్నది. ఆమదాలవలస పేరులో ఆమదం వినబడుతూనే వున్నది. కొబ్బరి మాత్రం ఎక్కడా లేదు!

దీనికి నాకు తోచిన కారణం చెబుతాను. కొబ్బరి చెట్టుకు యజమాని వుంటాడు. ఫలానావారి తోట అంటాము గాని, ఆ చెట్టు ఊరందరిదీ కాదు. రావికి, మర్రికి, చింతకు అలా కాదు. బాటసారి దాని నీడన మూట దించుతాడు, పశువులు అక్కడే నెమరు వేస్తాయి, తగవులు అక్కడే తీరుతాయి. వలస అంటే ఒకచోటి నుంచి తరలివచ్చి నిలిచిన జనం. బండ్లు ఆపి మొదటి పొయ్యి వెలిగించింది ఏ చెట్టు కింద అయితే, ఆ చెట్టు పేరే ఆ ఊరికి నిలిచింది. ఊరుమ్మడి చెట్టే ఊరికి పేరిస్తుందన్నమాట.

పలాస సంగతి ఇంకా బాగున్నది. పలాశమంటే మన మోదుగ. మనం విస్తళ్లు కుట్టే ఆకు దానిదే. తెలుగువాళ్లం మోదుగ అంటూనే ఊరిని పలాస అంటున్నాము. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలోనిది. తెలుగూ ఒడియా ఒకే సంతలో వినబడే చోటు గనుక ఇలాంటి పేర్లు ఇక్కడ వింత కాదు. అంతెందుకు, 1757లో క్లైవు యుద్ధం గెలిచిన బెంగాలు ప్లాసీకి కూడా పేరు వచ్చింది ఈ పలాశం నుంచే.

మరి నేటి పలాసకు వెళ్లి చూడండి. మోదుగ మాట ఎత్తేవాడే అరుదు, అంతా జీడిపప్పు వ్యాపారమే. జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు, పోర్చుగీసువారు బ్రెజిలు నుంచి తెచ్చినది. మనకు ముందే తెలిసిన జీడి వేరు. చాకళ్లు బట్టలపై గుర్తు పెట్టే నల్లజీడి అది. కొత్త చెట్టు గింజ ఆ జీడిని, పండు తీరు మామిడిని తలపించాయి కాబోలు, రెండు పేర్లూ కలిపి జీడిమామిడి అన్నారు. పేరు పెట్టినవారి చూపును మెచ్చుకోవాలి. వృక్షశాస్త్రంలోనూ ఈ మూడూ ఒకే కుటుంబం.

ఇంటిపేర్లు కూడా ఇంతే. తాడి, మర్రి, రావి, వేప, వెలగ, తుమ్మల, వేముల. కవి తుమ్మల సీతారామమూర్తిగారి పేరులో తుమ్మ వున్నది, ముఖ్యమంత్రిగా చేసిన మర్రి చెన్నారెడ్డిగారి పేరులో మర్రి వున్నది. అయితే ఇంటిపేరుగా చాలాసార్లు నిలిచేది వదిలి వచ్చిన ఊరి పేరు. చింతాడలోనే వున్నవాణ్ణి చింతాడవాడని పిలిస్తే ఏం గుర్తు? ఊళ్లో అందరూ చింతాడవాళ్లే గదా. పొరుగూరు పోయినప్పుడే ఆ పేరు పనికివస్తుంది. జపానులో 1875లో సామాన్యులందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది. అక్కడ మత్సుమొతో అన్న పేరుకు పైను చెట్టు మొదలు అని అర్థం. మనకు అలా ఆజ్ఞ ఇచ్చినవారు లేరు. ఊరు మారిన కాళ్లే పేర్లు పెట్టాయి.

ఒక్క జాగ్రత్త. చెట్టు మాట వినబడిన ప్రతి పేరూ చెట్టుదే అనుకోకండి. మనిషి పేర్లు, దేవుడి పేర్లు కూడా అరిగి అరిగి అలాగే వినబడతాయి. ఊరి పెద్దలను అడిగి తేల్చుకోవాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం. ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకు పరుచుకున్నాయి. తరవాత చెట్ల లెక్క రాసేటందుకు మాలాంటివాళ్లం ఊరూరా తిరిగాము. మర్రి పేరున్న ఒక ఊళ్లో ఒక ముసలాయన నా కాగితాలవంక చూసి, "బాబూ, మా మర్రి కూడా పడిపోయింది. అది ఎవరి పేరున రాస్తావు?" అని అడిగాడు. నా కాగితంలో ప్రతి చెట్టుకూ ఎదురుగా యజమాని పేరు రాయాలి. ఆ మర్రికి యజమాని లేడు. నేను రాయలేకపోయాను.

మరుసటి తొలకరికి నేనే ఒక మర్రి కొమ్మ తీసుకుపోయి, పాత మొదలుకు పది అడుగుల దూరాన నాటించాను. నెల తిరక్కుండా మేకలు తినేశాయి. రెండోసారి మనిషి చేయి మందాన వున్న, ఆరడుగుల కొమ్మను ముసలాయనే తెచ్చి నాటి, చుట్టూ తుమ్మకంప కట్టాడు. కొబ్బరి మొక్కలకు నీళ్లు మోసేవాళ్లు వెళ్తూ వెళ్తూ దానికీ ఒక బిందె పోస్తున్నారు.