బండినీడ నుండి మడవాకిలి దాక

మా పెదపారుపూడి పరిసర గ్రామములనుండి మాఘపూర్ణిమనాటి సాగరసంగమ స్నానమునకై హంసలదీవికి ఎడ్లబండ్లు బారులుదీరి బయలువెడలిన దినములలో, పెక్కు బండ్ల క్రింద, ఇరుసునకు వెనుకగా, చక్రముల నడిమి నీడలో ఒక్కొక్క కుక్క నడచుచుండెడిది. దానిని రమ్మని పిలిచినవారు లేరు, పొమ్మని అదలించినవారును లేరు. పామర్రు, కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దాటి, అవనిగడ్డ, కోడూరు చేరు ఆ దీర్ఘమార్గమున ఎడ్లతోపాటు అలసి, ఎడ్లతోపాటు నీరుద్రావి, రాత్రి మజిలీలో బండ్లచుట్టు తిరిగి కావలికాచుట దాని వ్రతము. కుక్కను వెంటబెట్టుకొని నలుగురు కలిసి నడచుట నేటి విహారప్రియులు కనిపెట్టిన వేడుక యని తలచువారు ఆ బండినీడను ఒకమారు స్మరింపవలయును.

అంతకంటె, నా అభిప్రాయమున, గౌరవార్హమైన సహయానము యానాదులది. 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియై, కాలువలు పారి, ఈ సీమ యంతయు వరిచేలతో నిండినపిదప, చేలగట్లలో ఎలుకల కలుగులకును కొదవ లేకపోయెను. కోతలకాలమున ఆడువారు, మగవారు, పిల్లలు గుంపుగా గట్లవెంట సాగుచుండగా, బక్కపలుచని చిన్న ఊరకుక్కలు రెండుమూడు ముందు నడచి, మట్టి వాసనచూచి, ఎలుకయున్న కలుగుకడ నిలిచి కాళ్లతో గీరెడివి. అంతట ఒకరు కుండలో గడ్డి రాజవేసి కలుగులోనికి పొగ నూదగా, తక్కినవారు మరియొక ద్వారముకడ కాచియుండి, ఉక్కిరిబిక్కిరియై వెలువడు ఎలుకను పట్టుకొనెడివారు. త్రవ్విన కలుగులో ఎలుకలు దాచిన ధాన్యమును వారికి దక్కెడిది. రైతునకు పంట మిగిలెను, యానాదికి కూడు దొరకెను, కుక్కకు దాని వాటా ముట్టెను. గ్రామసింహమను పేరును మన పూర్వులు ఇట్టి జంతువునకే పెట్టిరి. దొరల వేటలను, రాజుల జాగిలములను వర్ణించిన గ్రంథములు మనకు కొల్లలుగా నున్నవి. ఈ గట్లమీది గుంపు చరిత్రను శ్రద్ధతో వ్రాసినవారు మాత్రము అరుదు.

ఒడిలో నిముడు సీమకుక్కల కథ వేరు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పినపిదప కొలదికాలమునకే, జహంగీరు పాదుషాకు వారు సమర్పించిన కానుకలలో ఇంగ్లండు జాగిలములును ఉండెను. అవి భారీకాయములు, వేటకు పుట్టినవి. చిన్నజాతి బొచ్చుకుక్కలు దొరల బంగళాల వరండాలనుండి మన పట్టణపు ఇండ్లలోనికి వచ్చుటకు తరములు పట్టినది. నేడు గుడివాడలోను, పల్లెలలోను అవి బిడ్డలవలె పెరుగుచున్నవి. సెలవుదినమున మిత్రబృందము నాగాయలంకవైపు మడ అడవులు చూడబోవునపుడు వాటిని ఇంట విడిచిపోవుటకు మనసొప్పకపోవుట సహజమే.

అయినను ఆ అడవి గట్టువంటిది కాదు, బాటవంటిదియు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి 1989లో అభయారణ్యముగా ప్రకటితమై, సుమారు 195 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ కృష్ణా ముఖద్వారపు మడలలో, బురదనుండి మేకులవలె పైకి లేచిన శ్వాసమూలములు చిన్న పాదములను గాయపరచును. తిల్లచెట్టు పాలు కంటబడిన చూపునకే చేటు. బావురుపిల్లి ఇచట చేపలకై రాత్రులు పొంచియుండును. నీటికుక్క యని మనవారు పిలుచు జంతువు కుటుంబముతో పాయలలో ఈదును. ఆ పేరుగల కుక్కకే అది స్వస్థానము, మన కుక్కకు కాదు. తీరపు టిసుకలో సముద్రపు తాబేళ్లు పెట్టిన గ్రుడ్లను త్రవ్వి తినుటలో కుక్క నక్కతో పోటీపడును. ఇంతకు మించిన భయము రోగము. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానమున, పరిసర గ్రామముల కుక్కలనుండి సోకిన డిస్టెంపరు వ్యాధివలన దాదాపు వేయి సింహములు, అనగా అచటివానిలో మూడవవంతు, నశించెను. 2018లో గుజరాతులోని గిర్ అడవియందు మరణించిన సింహములలోను ఆ వైరసు కనబడెను. అభయారణ్యములోనికి పెంపుడుజంతువులను తేరాదను సాధారణ నియమమునకు ఇట్టి భయములును కారణములు. అది కుక్కపై ద్వేషముచే పుట్టినది కాదు.

ఇచట ఒక మిత్రుడు నన్ను ప్రశ్నించెను: "ధర్మరాజు స్వర్గద్వారముకడ సైతము కుక్కను విడువనన్నాడు గదా, అడవివాకిట మనమేల విడువవలెను?" తిక్కన తెనిగించిన పర్వములలో మహాప్రస్థానికమును నేనును భక్తితో చదివినవాడనే. పాండవు లైదుగురు, ద్రౌపది, ఏడవదిగా కుక్క నడచిన నడకకంటె మహత్తరమైన సహయానము లోకమున లేదని నమ్మువాడను. కాని ఆ కుక్క తానై వెంబడించినది. ధర్మజుడు దానిని శరణాగతమని విడువలేదు. మన బొచ్చుకుక్క శరణుకోరి మడలోనికి వచ్చుటలేదు. మన వేడుకకై మనము దానిని కొనిపోవుచున్నాము. ఆ వాకిటికి లోపల శరణుగొన్నవి బావురుపిల్లియు, నీటికుక్కయు, తాబేటి గ్రుడ్లును.

హంసలదీవి బండ్లవారికి ఈ చిక్కు తెలియనిది కాదు. తీర్థమునకు చేరినపిదప ఎడ్లను విప్పి, కుక్కను చక్రపు ఆకునకు కట్టి, అందరును కడలిలో మునుగబోవగా, ఇంటి పెద్దలలో ఒకరు బండికడనే నిలిచెడివారని మా ఇంట చెప్పుకొనుట వింటిని. స్నానము ముగిసి తిరిగివచ్చినవారు ఆయన తలపై సముద్రోదకము చిలుకరించెడివారట. ప్రసాదములో ఒక పిడికెడు కుక్కకును పెట్టెడివారట.