బారువ దగ్గరి చిల్కా: దాడా, అగ్ని ప్రమాదమా?

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని బారువ దగ్గర సముద్రంలో ఒక ఆవిరి ఓడ శిథిలాలున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో విశాఖ స్కూబా డైవర్లు వాటిని చూసివచ్చారు. అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి చిల్కా అన్నదానిపై పేచీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఓడ గనుక అది శత్రువు దెబ్బకే పోయిందా అన్నది తేలవలసిన విషయం.

1. మద్రాసు నుంచి రంగూన్ వెళ్తున్న చిల్కా 1917 జులై 1న అగ్నికి ఆహుతైనట్లు నౌకా జాబితాలు చెబుతున్నాయి. స్థలం ఒకచోట గోపాల్‌పూర్ సమీపం, మరొకచోట బారువ. నడుమ దూరం 50 కిలోమీటర్ల పైమాటే. అయితే అప్పట్లో రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. 1936లో ఒడిశా ఏర్పడ్డాకే వేరుపడ్డాయి. నావికులకు బాగా తెలిసిన రేవు గోపాల్‌పూర్ కావడంతో దాన్ని ఆనవాలుగా రాసి ఉండవచ్చు. కాబట్టి దీన్ని వైరుధ్యంగా లెక్కించనక్కరలేదు.

2. శత్రుదాడి అనగానే 1914 సెప్టెంబరు 22న మద్రాసుపై గుళ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ గుర్తుకొస్తుంది. కానీ అది అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద నాశనమైంది. 1917 ఆరంభంలో మరో జర్మన్ ఓడ వుల్ఫ్ మందుపాతరలు వేసింది కొలంబో, బొంబాయి తీరాల్లో. బారువ ఆ దారిలో లేదు.

3. గందరగోళానికి ఇంకో మూలం ఉన్నట్టుంది. అదే కంపెనీ తర్వాత మరో ఓడకూ చిల్కా అనే పేరు పెట్టింది. జపాన్ జలాంతర్గామి 1942 మార్చిలో సుమత్రాకు పశ్చిమాన కాల్పులు జరిపి ముంచింది ఆ రెండో ఓడను. పేరొకటే కావడంతో ఒకదాని కథ మరొకదానికి అంటుకునే వీలుంది.

4. కారణం ఏదైనా, ఓడలోని వారిని బారువ ఊరివారు కాపాడారన్న మాటను కొట్టిపారేయలేం. అప్పట్లో ఈ తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేస్తే సరుకు, మనుషులు మసూలా పడవల్లో దిగేవారు. మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన ఆ పడవ కెరటం తాకిడికి విరగక వంగుతుంది. ఆ అలల మీద పడవ నడపడం తీరవాసులకే చేతనైన పని.

అందిన ఆధారాలు అగ్ని ప్రమాదం వైపే మొగ్గుతున్నాయి. ఇక సాక్ష్యం చెప్పాల్సింది ఓడ అడుగుభాగం. మందుపాతర పేలితే నీటిమట్టం కింది ఇనుప రేకులు లోపలికి చీలుకుపోతాయి. మంట మాత్రమే కారణమైతే అలాంటి చీలిక ఉండనక్కరలేదు. ఉప్పునీరు ఆ రేకులను పూర్తిగా తినేయకముందే సముద్రగర్భ పురావస్తు నిపుణులు వాటిని కొలిచి నమోదు చేయాలి.